పిల్లలకు గౌరవం, బాధ్యత, మంచి నడవడి అలవరచడం ఎలా?

చెప్పిన మాట వినే పిల్లలందరినీ మంచి నడవడి గలవారిగా లెక్కవేయడం తల్లిదండ్రులు తరచుగా చేసే పొరపాటు. పెద్దలు ఎదుట ఉన్నంతసేపు బుద్ధిగా కూర్చుని, వారు పక్కగదిలోకి వెళ్లగానే తమ్ముణ్ని గిల్లే పిల్లవాడికి భయం తెలుసు గానీ నడవడి ఇంకా అబ్బలేదు. అలాగే ఎదురు ప్రశ్న వేసిన ప్రతి పిల్లా మర్యాద తెలియనిది కాదు. ఎవరూ చూడనప్పుడు కూడా ఇతరులను నొప్పించకుండా ఉండడం, ఒప్పుకున్న పనిని మరొకరు గుర్తు చేయకముందే పూర్తి చేయడం, తప్పు జరిగినప్పుడు దాచకుండా వచ్చి చెప్పి దాన్ని సరిదిద్దడం అనే మూడు లక్షణాలను మనం పిల్లల్లో చూడాలనుకుంటాం. ఉపదేశాలు ఎన్ని చేసినా ఇవి రావు. మనం వారితో మాట్లాడే తీరును బట్టి, వారికి అప్పగించే పనిని బట్టి, అన్నింటికంటే ఎక్కువగా వారు తప్పు చేసిన తరువాత మనం నడుచుకునే పద్ధతిని బట్టి వస్తాయి.

ఇక్కడ సూచించిన క్రమం సుమారు రెండేళ్ల వయసు నుంచి కౌమారం వరకు పనికివస్తుంది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం మంచిది కాదు. ఒక అడుగు ఇంట్లో కుదురుకున్నాక రెండోది మొదలుపెట్టండి.

మొదటి అడుగు: పెద్దలు తమ మాటతీరును గమనించుకోవడం

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని శిశు పాఠశాలలో 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక వ్యక్తి కొట్టడం, తిట్టడం కొందరు పిల్లల కంటపడేలా చేశారు. మరికొందరు ఆ వ్యక్తి నెమ్మదిగా ఆడుకోవడాన్ని మాత్రమే చూశారు. ఆ తరువాత అదే బొమ్మ ఉన్న గదిలో వదిలినప్పుడు, కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది అదే విధంగా కొట్టారు, ఆ వ్యక్తి వాడిన మాటలనే తిరిగి వాడారు. ఆ పిల్లలకు కొట్టమని ఎవరూ చెప్పలేదు.

కాబట్టి పిల్లలకు ఏమి నేర్పాలో నిర్ణయించుకునే ముందు, వారు ఇప్పటికే మన నుంచి ఏమి నేర్చుకుంటున్నారో తెలుసుకోవాలి. ఒక వారం పాటు మూడు సందర్భాలను గమనించండి: ఇంట్లో పని చేయడానికి వచ్చేవారితో మీరు మాట్లాడే స్వరం, గదిలో లేని బంధువుల గురించి మీరు చేసే వ్యాఖ్యలు, అక్కరలేని ఫోన్ వచ్చినప్పుడు మీరు చెప్పే సాకు. “నేను ఇంట్లో లేనని చెప్పు” అని పిల్ల చేతికి ఫోన్ ఇచ్చిన తండ్రి, ఆ సాయంత్రమే ఆమెకు నిజాయితీ గురించి ఎంత చెప్పినా అది చెవికెక్కదు. ఈ మూడింటిలో మీకు కనబడిన ఒక లోపాన్ని ఎంచుకుని ముందుగా దాన్ని మార్చుకోండి. నేను ఈ అడుగును మొదట పెట్టడానికి కారణం ఉంది. దీన్ని వదిలేసి మిగిలినవాటిని ఎంత శ్రద్ధగా పాటించినా, పిల్లలు మన మాటకూ చేతకూ మధ్య తేడాను పట్టుకుంటారు, చివరికి మన చేతనే అనుసరిస్తారు.

రెండో అడుగు: నియమాలను వేరుచేయడం

బట్టలు మడత పెట్టకపోవడాన్నీ, తోటి పిల్లను కొట్టడాన్నీ ఒకే గొంతుతో మందలించే ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లలు ఈ రెండింటికీ ఉన్న భేదాన్ని మనం అనుకున్నదాని కంటే ముందే గ్రహిస్తారు. ఎలియట్ ట్యూరియల్, ఆయన సహచరులు చేసిన పరిశోధనల్లో మూడు నాలుగేళ్ల పిల్లలు కూడా ఈ తేడాను గుర్తించగలిగారు. బడిలో ఒక ఆచారాన్ని టీచరు వద్దంటే మానేయవచ్చు గానీ, కొట్టడానికి టీచరు అనుమతి ఇచ్చినా అది తప్పేనని చాలామంది పిల్లలు చెప్పారు. ఇతరులకు నొప్పి కలిగించకూడదన్న స్పృహ వారిలో ముందే మొలకెత్తి ఉంటుంది. అన్ని నియమాలకూ ఒకే తీవ్రత ఇస్తే ఆ స్పృహ మొద్దుబారుతుంది.

ఒక కాగితం తీసుకుని ఇంటి నియమాలను రెండుగా రాయండి. మొదటి భాగంలో ఎవరి శరీరాన్నీ, మనసునూ గాయపరచకపోవడం, ఇతరుల వస్తువును అడగకుండా తీసుకోకపోవడం, మోసం చేయకపోవడం వంటివి ఉంటాయి. ఇవి నాలుగైదుకు మించకూడదు, వీటిలో బేరం ఉండదు, పెద్దలకూ ఇవి వర్తిస్తాయి. రెండో భాగంలో పడుకునే వేళ, బూట్లు విడిచే చోటు, టీవీ చూసే సమయం వంటి సర్దుబాట్లు ఉంటాయి. వీటి గురించి పిల్లలతో చర్చించవచ్చు, వయసును బట్టి మార్చవచ్చు. మొదటి రకం నియమాన్ని చెప్పేటప్పుడు కారణంగా ఎదుటి మనిషిని చూపాలి. “నేను వద్దన్నాను కాబట్టి” అనడం కంటే “నువ్వు తోస్తే చెల్లికి దెబ్బ తగిలింది, చూడు, ఏడుస్తోంది” అనడం ఎక్కువ పనిచేస్తుంది. అప్పుడు పిల్లవాడి దృష్టి శిక్ష మీద నుంచి చెల్లి ముఖం మీదికి వెళ్తుంది.

మూడో అడుగు: గౌరవించి గౌరవాన్ని నేర్పడం

ఐక్యరాజ్యసమితి 1989 నవంబర్ 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, పిల్లలు తమకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పవచ్చనీ, వారి వయసును, పరిణతిని బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలనీ చెబుతుంది. అభిప్రాయం అడగడమంటే నిర్ణయాన్ని వారికే వదిలేయడం అని అర్థం కాదు. చెప్పేది పూర్తిగా విని, ఒప్పుకోలేకపోతే ఎందుకు ఒప్పుకోలేదో చెప్పడం చాలు.

రోజువారీ జీవితంలో దీన్ని ఇలా ఆచరించవచ్చు. పిల్లలు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడకండి, ఫోన్ చూస్తూ ‘ఊ’ కొట్టకండి. వారి గదిలోకి వెళ్లేముందు తలుపు తట్టండి. వారి పొరపాట్లను అతిథుల ముందు కథగా చెప్పి నవ్వకండి. ఇది చాలామంది ప్రేమతోనే చేసే పని, కానీ ఆ నవ్వుల మధ్య నిలబడ్డ పిల్లవాడికి అది అవమానంగానే ఉంటుంది. మీరు విసుక్కుని అన్యాయంగా కసిరిన రోజున “నేను అలా అరవకుండా ఉండవలసింది, నీ తప్పు లేదు” అని సూటిగా చెప్పండి. పెద్దవారు క్షమాపణ చెబితే చులకనైపోతారన్న భయానికి ఆధారం లేదు. క్షమాపణ ఎలా చెప్పాలో పిల్లలు చూసి నేర్చుకునే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

విభేదించడం కూడా నేర్పవలసిన విద్యే. “నాతో ఎదురు మాట్లాడకు” అని నోరు మూయించే బదులు, అదే అభ్యంతరాన్ని మర్యాదగా చెప్పే వాక్యాన్ని అందించండి. “నాకు ఇది నచ్చలేదు, కారణం చెప్పనా?” అన్న మాట ఏడేళ్ల పిల్లకు అలవాటు చేస్తే, ఆమె పదహారేళ్ల వయసులో తలుపు దడాలున వేసుకుని వెళ్లిపోవలసిన అవసరం తగ్గుతుంది. పిల్ల ఆ వాక్యాన్ని ఉపయోగించిన మొదటి కొన్ని సార్లు మీరు తప్పనిసరిగా ఆగి వినాలి. మర్యాదగా చెప్పినప్పుడు పట్టించుకోకుండా, అరిచినప్పుడు మాత్రమే లొంగిపోతే అరవడమే నేర్పినట్లవుతుంది.

నాలుగో అడుగు: నిజమైన పనిని అప్పగించడం

సాయపడాలన్న కోరిక పిల్లల్లో సహజంగానే ఉంటుంది. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమసెల్లో 2006లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాదిన్నర వయసున్న పసివాళ్లు ఏ ప్రోత్సాహమూ లేకుండానే, చేయి జారిన వస్తువును అందుకోలేకపోతున్న అపరిచితుడికి దాన్ని తీసి ఇచ్చారు, చేతులు ఖాళీ లేక అలమార తెరవలేకపోతున్న మనిషికి తలుపు తీశారు. 2008లో వారే చేసిన మరో ప్రయోగంలో, సాయం చేసినందుకు బొమ్మ బహుమతిగా పొందిన 20 నెలల పిల్లలు, బహుమతి ఆగిపోయాక, ఏమీ పొందని పిల్లల కంటే తక్కువగా సాయపడ్డారు. మార్క్ లెప్పర్ బృందం 1973లో బొమ్మలు గీయడంపై ఆసక్తి ఉన్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో జరిపిన పరిశీలనలోనూ, బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించిన పిల్లలకు ఆ తరువాత గీయడంపై ఆసక్తి తగ్గింది.

ఇంటిపనికి డబ్బు లెక్కగట్టవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే. ఇల్లు అందరిదీ కనుక పని అందరిదీ అన్న భావన ఒకసారి కూలి లెక్కగా మారితే, “ఈరోజు నాకు డబ్బు అక్కరలేదు, పని చేయను” అన్న పిల్లవాడికి మన దగ్గర జవాబు ఉండదు. చేతిఖర్చు ఇవ్వదలచుకుంటే దాన్ని పనితో ముడిపెట్టకుండా, డబ్బును వాడుకోవడం నేర్చుకునేందుకు విడిగా ఇవ్వండి.

రెండు మూడేళ్ల పిల్లలు ఆడుకున్న బొమ్మలను బుట్టలో వేయగలరు, విడిచిన బట్టలను చోటికి చేర్చగలరు. నాలుగైదేళ్లకు మొక్కలకు నీళ్లు పోయడం, భోజనానికి ముందు పళ్లేలు పెట్టడం చేతనవుతుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య తమ బడిసంచిని తామే సర్దుకోవాలి. తొమ్మిదేళ్లు దాటాక మాత్రం విడి విడి పనులను చెప్పి చేయించుకోవడం మాని, ఒక బాధ్యతను మొత్తంగా అప్పగించాలి. మొక్కలకు నీళ్లు పోయమని రోజూ చెప్పించుకుని పోసే పిల్లవాడు మన చేతికి పనిముట్టు మాత్రమే. “ఈ కుండీల సంగతి నీదే” అని అప్పగించినప్పుడు ఎప్పుడు పోయాలి, ఊరికి వెళ్లేటప్పుడు ఎవరికి చెప్పాలి, ఆకు పసుపుపచ్చబడితే ఏమి చేయాలి అన్న ఆలోచన కూడా వాడిదే అవుతుంది.

పని అప్పగించేటప్పుడు నాలుగు జాగ్రత్తలు అవసరం. మొదట పక్కన ఉండి చేసి చూపండి, తరువాత ఇద్దరూ కలిసి చేయండి, ఆ తరువాత వాడు చేస్తుంటే చూడండి, చివరికి పక్కకు తప్పుకోండి. పని పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలో ముందే స్పష్టంగా చెప్పండి. “గది శుభ్రం చెయ్యి” అంటే పిల్లకు అర్థమయ్యేది వేరు, మీరు ఆశించేది వేరు. “నేల మీద ఏమీ ఉండకూడదు, పుస్తకాలు అరలో ఉండాలి, దుప్పటి మడత పెట్టి ఉండాలి” అంటే తగవు ఉండదు. మూడోది, వాడు చేసిన పనిని వాడి కళ్ల ముందే మళ్లీ చేయకండి. వంకరగా మడత పెట్టిన తువ్వాలును అమ్మ విప్పి తిరిగి మడత పెడితే, తన పనికి విలువ లేదన్న సంగతి పిల్లవాడికి ఒక్క క్షణంలో అర్థమవుతుంది, మర్నాటి నుంచి తప్పించుకుంటాడు. నాలుగోది, గుర్తు చేసే పనిని మీ నెత్తిన పెట్టుకోకండి. గోడ మీద రాసిన పట్టికో, అలారమో ఆ పని చేయాలి.

మరచిపోయిన పనికి సహజంగా వచ్చే ఫలితం ప్రమాదం లేనిదైతే దాన్ని రానివ్వండి. నోటుపుస్తకం ఇంట్లో మరచిపోయిన పిల్ల కోసం ప్రతిసారీ బడికి పరుగెత్తే తండ్రి, ఆమె బాధ్యతను తాను మోస్తున్నాడు. ఒకసారి టీచరు ముందు “మరచిపోయాను” అని చెప్పుకోవలసి రావడం ఆమెకు పెద్ద నష్టమేమీ కాదు. సాయంత్రం ఇంటికి వచ్చాక “నేను ముందే చెప్పానా లేదా” అని దెప్పడం మాత్రం వద్దు. దెప్పితే ఆమె తన మరపు గురించి ఆలోచించడం మాని మీ మీద కోపం పెంచుకుంటుంది. ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన విషయాల్లో ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ పెద్దలే కల్పించుకోవాలి.

ఐదో అడుగు: తప్పు జరిగిన తరువాత

నడవడి రూపుదిద్దుకునేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ఈ అడుగును వివరంగా చెప్పడం అవసరం.

పిల్లలు తప్పును తూచే పద్ధతి మనది కాదని ముందుగా తెలుసుకోవాలి. జీన్ పియాజే 1932లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలకు రెండు కథలు చెప్పారు. ఒక పిల్లవాడు తలుపు వెనక ఉన్నవాటి సంగతి తెలియక తలుపు తోయడంతో 15 కప్పులు పగిలిపోయాయి. మరొకడు అమ్మ లేని సమయంలో దొంగచాటుగా జామ్ తీసుకోబోయి ఒక్క కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు అంటే, చిన్న వయసు పిల్లల్లో చాలామంది 15 కప్పులు పగలగొట్టినవాడిదే అన్నారు. వయసు పెరిగేకొద్దీ ఉద్దేశం లెక్కలోకి వచ్చింది. మనమూ ఖరీదైన వస్తువు పగిలితే గట్టిగా అరిచి, చవకైనది పగిలితే ఊరుకుంటే, పిల్లలు ఆ చిన్ననాటి తూకంలోనే ఆగిపోతారు. పొరపాటుకూ, నిర్లక్ష్యానికీ, కావాలని చేసినదానికీ మన స్పందన వేరువేరుగా ఉండాలి.

ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. ఆరేళ్ల పిల్లవాడు కోపంలో అక్క వేసుకున్న బొమ్మను చింపేశాడు. అక్క ఏడుస్తోంది, వాడు మంచం వెనక దాక్కున్నాడు. తల్లి చేయవలసిన మొదటి పని అక్క దగ్గరికి వెళ్లడం. నష్టపోయినవారిని ముందు ఓదార్చడం ఆ ఇంటి విలువలేమిటో మాటల్లేకుండా చెబుతుంది. తరువాత పిల్లవాడి దగ్గర నేల మీద కూర్చుని, ఊపిరి కుదుటపడేవరకు ఆగాలి. కోపంతో ఊగిపోతున్న పిల్లవాడి చెవికి ఏ పాఠమూ ఎక్కదు.

“ఏమైంది నాన్నా, చెప్పు.”

“అక్క నా పెన్సిల్ తీసుకుంది, అడిగితే ఇవ్వలేదు.”

“అందుకు నీకు కోపం వచ్చింది. కోపం రావచ్చు. చింపడం మాత్రం తప్పు. ఆ బొమ్మ వేయడానికి అక్కకు ఎంతసేపు పట్టిందో నీకు తెలుసా?”

“పొద్దున్నుంచీ వేస్తోంది.”

“మరి ఇప్పుడు ఏం చేస్తే అక్కకు కొంచెమైనా బాగుంటుంది?”

ఈ చివరి ప్రశ్నకు జవాబు పిల్లవాడి నుంచే రావాలి. రెండు నిమిషాలు మౌనంగా ఉన్నా ఆగండి. ముక్కలు అతికిస్తానంటాడో, తన రంగుల పెట్టె ఇస్తానంటాడో, కొత్త కాగితం తెచ్చి పక్కన కూర్చుంటానంటాడో వాడినే చెప్పనివ్వండి. ఏమీ తోచకపోతే రెండు దారులు సూచించి ఎంచుకోమనండి. ఆ పని పూర్తయ్యాక, పెన్సిల్ విషయంలో అక్కతో కూడా మాట్లాడాలి, లేకపోతే న్యాయం ఒకవైపే జరిగినట్లు వాడికి అనిపిస్తుంది. మళ్లీ అలాంటి కోపం వస్తే ఏమి చేయాలో కూడా అప్పుడే అనుకుని, ఆ మాటను ఒకసారి వాడి నోట చెప్పించండి. అక్కడితో ఆ విషయం ముగిసిపోవాలి. రాత్రి తండ్రి ఇంటికి రాగానే పంచాయితీ మళ్లీ పెట్టడం, మరో నెల తరువాత పాత తప్పును తవ్వడం చేయకూడదు.

‘సారీ’ అని బలవంతంగా అనిపించడం వల్ల ఉపయోగం తక్కువ. నేల చూపులు చూస్తూ గొణిగిన ఆ మాటతో అక్క ఊరట పొందదు, తమ్ముడు పశ్చాత్తాపపడడు, పైగా ఒక్క మాటతో అంతా చెల్లిపోతుందని నేర్చుకుంటాడు. నష్టాన్ని పూడ్చే పని చేయిస్తే మాట దానంతట అదే వస్తుంది, కొన్నిసార్లు మర్నాడు వస్తుంది.

కొట్టడం గురించి నా అభిప్రాయం స్పష్టం: ఎంత చిన్న దెబ్బైనా వద్దు. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్ కేలర్ 2016లో ఐదు దశాబ్దాల పరిశోధనలను కలిపి పరిశీలించారు. సుమారు 1,60,000 మంది పిల్లలకు సంబంధించిన ఆ సమాచారంలో, దెబ్బలు తిన్న పిల్లల్లో దురుసుతనం, ధిక్కారం, మానసిక ఇబ్బందులు ఎక్కువగానే కనిపించాయి. స్వీడన్ 1979లోనే ఇంట్లోనూ పిల్లలను కొట్టడాన్ని చట్టంతో నిషేధించింది, ఆ పని చేసిన మొదటి దేశం అదే. దెబ్బ పిల్లవాడిని ఆ క్షణానికి ఆపుతుంది గానీ, చేతిలో బలం ఉన్నవాడిదే పైచేయి అని కూడా నేర్పుతుంది.

ఆరో అడుగు: నిజం చెప్పడాన్ని సులువు చేయడం

మూడు నాలుగేళ్ల వయసులో పిల్లలు మొదటిసారి అబద్ధమాడినప్పుడు తల్లిదండ్రులు బెంబేలెత్తుతారు. ఎదుటివారికి తెలిసినది వేరు, తనకు తెలిసినది వేరు అన్న ఎరుక ఆ వయసులో కలుగుతుంది, అబద్ధం దాని వెంటే వస్తుంది. పిల్ల చెడిపోతోందని కంగారుపడనక్కరలేదు.

శిక్ష పెంచితే అబద్ధాలు తగ్గుతాయనుకోవడం సరికాదు. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ 2011లో పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల పిల్లలను పోల్చి చూశారు. కొట్టే బడిలోని పిల్లల్లో దాదాపు అందరూ తాము చేసిన పనిని కాదని అబద్ధమాడారు, దాన్ని రెండో బడి పిల్లల కంటే నేర్పుగా నిలబెట్టుకున్నారు కూడా. కాంగ్ లీ బృందమే 2014లో మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు కథలు చెప్పి పరీక్షించింది. అబద్ధమాడినవాడికి చెడు జరిగిన కథల వల్ల మార్పు కనబడలేదు. నిజం ఒప్పుకున్నవాడిని పెద్దలు మెచ్చుకున్న కథ విన్న పిల్లలు మాత్రం నిజం చెప్పడానికి ఎక్కువగా ముందుకు వచ్చారు.

దీన్ని ఇంట్లో అమలు చేయడానికి ఒక నియమం చాలు: మీకు జవాబు తెలిసిన ప్రశ్న అడగకండి. పగిలిన గాజు ముక్కలు ఎదురుగా ఉండగా, వాడే పగలగొట్టాడని తెలిసి “ఇది ఎవరు చేశారు?” అని గుచ్చి అడిగితే, భయపడ్డ పిల్లవాడిని అబద్ధంలోకి మనమే నెట్టినట్లు. “గ్లాసు పగిలింది. కాలికి గుచ్చుకోలేదు కదా? పద, ఇద్దరం ఎత్తేద్దాం, ఎలా పగిలిందో చెప్పు” అనండి. నిజం చెప్పినందుకు మెచ్చుకోండి, చేసిన నష్టాన్ని పూడ్చే పనిని మాత్రం వదలకండి. ఈ రెండూ ఒకే చోట ఉండగలవని పిల్లలకు తెలియాలి.

ఏడో అడుగు: మెచ్చుకోలు

“నువ్వు చాలా తెలివైనదానివి” అనే పొగడ్త కంటే, చూసినదాన్ని చూసినట్లు చెప్పడం మేలు. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివిని పొగిడించుకున్న ఐదో తరగతి పిల్లలు తరువాత తేలిక పనులనే ఎంచుకున్నారు. తమ మార్కులను ఇతర పిల్లలకు తెలియజేయమన్నప్పుడు వారిలో పది మందికి సుమారు నలుగురు ఎక్కువ చేసి రాశారు. శ్రమకు మెచ్చుకోలు పొందిన పిల్లల్లో అలా చేసినవారు చాలా తక్కువ. “కొత్తగా వచ్చిన పిల్ల ఒంటరిగా నిలబడితే నువ్వు పిలిచి ఆటలో చేర్చుకున్నావు, ఆమె ముఖం విప్పారింది” అన్న మాటలో పొగడ్త కనబడదు, కానీ పిల్లకు తాను చేసినది ఏమిటో, దాని వల్ల ఎవరికి మేలు కలిగిందో తెలుస్తుంది.

ఇంట్లో పెద్దల మధ్య తేడాలు వచ్చినప్పుడు

తల్లి వద్దన్నదాన్ని తాతయ్య చాటుగా ఇచ్చే పరిస్థితి చాలా కుటుంబాల్లో ఉంటుంది. పిల్లల ముందు ఒకరినొకరు తప్పుపట్టుకోవడం వల్ల పిల్లలకు అందే పాఠం, ఎవరి దగ్గర ఏది సాధించుకోవచ్చు అన్నదే. బేరం లేని ఆ నాలుగైదు నియమాల మీద ఇంట్లోని పెద్దలందరూ ఒకసారి కూర్చుని ఒప్పందానికి రండి. మిగిలిన సర్దుబాట్లలో నాయనమ్మ పద్ధతి ఒకలా, మీ పద్ధతి మరోలా ఉన్నా పిల్లలకు హాని లేదు, మనుషులు రకరకాలుగా ఉంటారని అర్థం చేసుకోగలరు.

పన్నెండేళ్లు దాటిన తరువాత

కౌమారంలో నియమాల సంఖ్య తగ్గాలి, అప్పగింత పెరగాలి. నెలకు ఒకసారి కూర్చుని, ఇంతవరకు మీరు తీసుకుంటున్న ఏ నిర్ణయాన్ని ఇకపై వారు తీసుకోవచ్చో మాట్లాడండి. తమ చదువు వేళలు, తమ బట్టలు, తమ ఖర్చు వంటివాటితో మొదలుపెట్టవచ్చు. నిర్ణయంతో పాటు ఫలితం కూడా వారిదేనని ముందే చెప్పండి, పొరపాటు జరిగితే ఆ అధికారాన్ని వెంటనే లాక్కోకుండా, ఏమి మార్చుకుంటారో వారినే అడగండి. ఇంటర్నెట్‌లో వారు ఇతరుల గురించి రాసే మాటలకూ మొదటి రకం నియమాలే వర్తిస్తాయి. ముఖాముఖి అనలేని మాటను తెర మీద రాయకూడదన్న ఒప్పందాన్ని ఫోన్ చేతికి ఇచ్చే రోజునే చేసుకోవాలి.

ఇవన్నీ ఓపికగా పాటిస్తున్నా కొందరు పిల్లల్లో మూగజీవాలను హింసించడం, పదేపదే దొంగతనం చేయడం, ఇతరుల బాధ పట్ల ఏమాత్రం చలనం లేకపోవడం వంటివి నెలల తరబడి కొనసాగవచ్చు. ఉన్నట్టుండి స్వభావం మారిపోయి పిల్ల ఎవరితోనూ మాట్లాడకపోవడం కూడా పట్టించుకోవలసిన విషయమే, దాని వెనక బెదిరింపో, వేధింపో ఉండవచ్చు. అటువంటప్పుడు క్రమశిక్షణ పెంచే ప్రయత్నం ఆపి, పిల్లల మానసిక నిపుణులను కలవండి. వెళ్లేముందు ఆ ప్రవర్తన ఎప్పుడు మొదలైంది, ఏ సందర్భాల్లో కనబడుతోంది, ఇంట్లోనా బడిలోనా రెండు చోట్లానా అన్న వివరాలను తేదీలతో రాసిపెట్టుకుంటే వారి పని సులువవుతుంది.